నాలుగు సెకన్లకో చుక్క

రాత్రి పదకొండు దాటింది. మే నెల.
బోరబండ నుంచి ఒక వాటర్ టాంకర్
మా పశువుల ఆస్పత్రి గేటు ముందు ఆగింది.
డ్రైవర్ లచ్చిరాం, పక్కన కూతురు దేవ్లి,
దేవ్లి ఒళ్లో స్కూలు చున్నీలో చుట్టిన కుక్కపిల్ల.
పేరు ఇరానీ. చాయ్ రంగు కదా, అందుకని.

మూడు రోజులుగా కక్కుతోంది. వెనకనుంచి నెత్తురు నీళ్లు.
ఆ వాసన నాకు తెలుసు,
పరీక్షకంటే ముందే నా ముక్కు రోగం పేరు చెప్పేసింది.

మెడమీద చర్మం రెండు వేళ్లతో లేపి
వదిలేశాను.
దిగలేదు.
ఎండిన రొట్టె మడతలా అక్కడే నిలబడింది.
చిగుళ్లు వేలికి అంటుకున్నాయి,
నొక్కినచోట తెల్లమచ్చ ఎర్రబడేసరికి రెండు సెకన్లు దాటాయి.
కళ్లు లోపలికి వెళ్లి ఎవరినో వెతుకుతున్నాయి.

దేవ్లి తన చేతిని గిల్లుకుని చూసుకుంది:
"నాది జల్దీ పోయింది."
కాంపౌండర్ మాణిక్‌ప్రభు కూడా ముంజేయి లాగి చూపించాడు.
ముప్పైయేళ్ల సర్వీసు చర్మం, లేచింది లేచినట్టే ఉంది.
"నాకు గూడ ఒక బాటిల్ ఎక్కియ్యరాదు మేడం!"
ముసలి చర్మం అబద్ధం చెబుతుంది, అన్నాను.
అందుకే చిగుళ్లనూ కళ్లనూ గుండెనూ విడివిడిగా అడగాలి.

ఇక లెక్క.
బరువు ఆరు కిలోలు, నూటికి పదిపాళ్లు ఎండిపోయింది:
బాకీ ఆరువందల మిల్లీలీటర్లు.
బతికున్నందుకు రోజూ కట్టే కిరాయి మూడువందల అరవై.
ఇంకా కక్కబోయేదానికి, కారబోయేదానికి నూటయాభై.
చీటీ వెనక నా కూడిక చూసి
లచ్చిరాం నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.
"పదివేల లీటర్లు మోస్త మేడం నేను.
దీనికి లీటరుంబావు గూడ గాదా?
ఒక్కపాలి ఎక్కియ్యుండ్రి, గుంజుకుంటది."

గుంజుకోదు.
తొందరపడితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.
పొడి గదిలో, పొడి టేబుల్ మీద కుక్క మునిగిపోతుంది.
నా మొదటి ఏడాది ఒకటి అలాగే మునిగింది.
యజమాని పేరు గుర్తులేదు.
మెడపట్టీకి నీలం గంట ఉండేది.

ముంగాలి బొచ్చు గీశాం. నరం దొరకలేదు.
మూడోసారికి సూది మొదట్లో ఎర్రగా తళుక్కుమంది.
రింగర్ లాక్టేట్ బాటిల్‌ను వేణ్నీళ్ల బకెట్లో ముంచి ఉంచాం,
చల్లబడ్డ ఒంట్లోకి చల్లటి నీళ్లు పంపకూడదు.
మొదటి అరవై మిల్లీలీటర్లు పావుగంటలో ఇచ్చాను.
చిగురు కొంచెం తేరుకుంది.
మిగిలింది రేపు రాత్రి దాకా
గంటకు నలభైనాలుగు, నిమిషానికి పదిహేను,
నాలుగు సెకన్లకో చుక్క.

లెక్కపెట్టే పని దేవ్లికిచ్చాను.
ఏక్, ది, తీన్, చార్.
చుక్క.
ఏక్, ది, తీన్, చార్.
ఫ్యాన్ చప్పుడు, బయట ఎక్కడో బారాత్ బ్యాండు,
పక్క బోనులో కాలు విరిగిన మేక నెమరు.
రెండింటికి మళ్లీ కక్కింది. కక్కినదాన్ని కూడా లెక్కలో కలిపాను.
బాటిల్లో కాస్త పొటాషియం కలిపి, బాగా తిప్పి, మళ్లీ తగిలించాను.
దేవ్లి పెదవులు కదులుతూనే ఉన్నాయి,
కళ్లు మాత్రం మూసుకుపోయాయి.

ఐదు దాటాక కింద పరిచిన పేపరు తడిసింది.
మాణిక్‌ప్రభు దాన్ని లైటు కింద పట్టుకుని
పత్థర్‌గట్టిలో ముత్యం చూసే సేటులా తిప్పి తిప్పి చూశాడు.
"పోసింది మేడం! పచ్చగ, కొంచెం చిక్కగ. గని పోసింది!"
మూత్రానికి చప్పట్లు కొట్టే ఉద్యోగం మాది.

బతుకుతుందా అని లచ్చిరాం అడగలేదు.
అడిగితే చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.
ఇంకా నాలుగు రోజులుంది ఈ రోగానికి,
రేపు మళ్లీ తూచాలి, మళ్లీ కూడాలి.

గేటు దాకా వెళ్లాను, గాలి కోసం.
టాంకర్ వెనక వాల్వు కారుతోంది,
కింద రాత్రంతా ఒక చిన్న కుంట కట్టింది.
లచ్చిరాం దాని ముందు గొంతుక్కూర్చుని
వేళ్లు మడుస్తున్నాడు.

"నాలుగు సెకన్లు గాదు మేడం" అన్నాడు.
"దీనిది జల్దీ ఉంది."